చెల్లె పుట్టిన యేటి చేను

నాకు భయం ఎక్కువ. ఇంటికి తాళం వేశానో లేదో చూసుకోవడానికి సగం దారి నుంచి వెనక్కి వచ్చే రకం. దానికి తోడు కోపం. ఈ రెండూ ఉన్న మనిషి టీచరైతే పిల్లలకు ఎంత కష్టమో నా దగ్గర చదివిన వాళ్లను అడగాలి. కానీ ఆ యేడు నేను చేసిన పని మాత్రం భయపడుతూ చేసింది కాదు. ముందూ వెనకా చూసుకోకుండా, మహా సంబరంగా చేశాను. అందుకే ఇన్నేళ్లయినా మర్చిపోలేకపోతున్నాను.

మాది జనగామ. ఉద్యోగం వచ్చింది గూడూరు మండలంలో, అడవి అంచున ఉన్న ఒక లంబాడీ తండాలో. గూడూరులో ఒక గది అద్దెకు తీసుకుని రోజూ పొద్దున్నే ఆటోలో వెళ్లేదాన్ని. ఆటో దొరకని రోజు ఐదు కిలోమీటర్లు నడక. బడికి రెండు గదులు, ఒక వరండా. ఇద్దరం టీచర్లం. రెండో ఆయన హెడ్మాస్టరు, పెద్దవంగర మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. పిల్లలు ఆయన్ని పెద్దసారు అనేవారు, నేనూ అదే అనేదాన్ని. ఒకటీ రెండూ తరగతులు ఆయనవి. మూడు, నాలుగు, ఐదు కలిపి నావి, మొత్తం పందొమ్మిది మంది.

ఆ ఎండాకాలం మహబూబాబాదులో మాకు ట్రైనింగ్ పెట్టారు. బోర్డు మీద చెబితే పిల్లలకు రాదు, వాళ్ల చేతులతో చేయించాలి, చుట్టూ ఉన్నదాన్నే పాఠం చేయాలి, దాన్ని ప్రాజెక్టు అంటారు అని చెప్పారు. మిగతావాళ్లు టీ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే నేను నోట్సు రాసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. నాకు చిన్నప్పుడు లెక్కలంటే వణుకు. ఎవరూ నా చేతికి ఏదీ ఇచ్చి కొలవమనలేదు, దెబ్బలు మాత్రం లెక్కపెట్టి ఇచ్చారు.

బడి తెరిచాక చుట్టుకొలత, వైశాల్యం పాఠం వచ్చింది. పుస్తకంలో ఒక తోట బొమ్మ వేసి పొడవు ఇంత, వెడల్పు ఇంత అని ఇచ్చారు. ఆ తోట ఎక్కడిదో మా పిల్లలకు తెలియదు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది లంబాడీ. బడి తెలుగు వాళ్లకు ఎట్లాగూ రెండో భాష, పుస్తకంలో తెలుగు ఇంకా దూరం. వాళ్లకు పత్తి చేను తెలుసు, మక్క చేను తెలుసు. సరే, మన చేన్లనే కొలుద్దాం పదండి అన్నాను.

ఒక బావి తాడు తెచ్చి మీటరుకో ముడి వేసి, పది ముళ్లకొక ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రోజుకో రెండు చేన్ల చొప్పున కొలిచాం. అవి పోడు చేన్లు. అంటే అడవిలో చెట్లు కొట్టి దున్నుకున్నవి. ఎవరికీ కాగితాలు లేవు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలుసు. కానీ అది లెక్కల పాఠంలోకి వచ్చి కూర్చుంటుందని నా బుర్రకు తట్టలేదు.

తాడు కొస పట్టుకునేది ఐదో తరగతి పిల్ల ఒకతె. రెండు జడలు, మోకాలి దగ్గర ఎప్పుడూ ఒక దెబ్బ. నాకు ఆ పిల్ల అంటే ప్రాణం, దాచుకోవడానికి ఏముంది. తాడు కాస్త వదులైనా ఒప్పుకునేది కాదు, మళ్లీ మొదటి గెట్టు దాకా పరుగెత్తేది. వాళ్ల నాన్న చేనును ఇంట్లో అందరూ మూడెకరాలు అంటారు. ఈ పిల్ల కొలిచి, కాగితం మీద కూడి, గుణించి, మూడెకరాలకు నాలుగు గుంటలు తక్కువుందని తేల్చింది. వాళ్ల నాన్నకు నవ్వాగలేదట. సర్కారోళ్లు కూడా ఇంత సాఫుగా కొలవరు అన్నాడట. ఆ మాట పిల్ల మర్నాడు నాకు చెప్పి మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను.

తర్వాత చార్టు. నాలుగు పెద్ద షీట్లు మైదా ఉడికించిన లైతో అతికించి తండా మొత్తం గీశాం. పత్తి చేన్లకు నిజం దూది, మక్క చేన్లకు నిజం గింజలు, అడవికి ఎండుటాకులు అంటించాం. ఒక్కో చేను పక్కన ఎవరిది, పొడవెంత, వెడల్పెంత, ఏం పంట అని నాలుగు సంగతులు రాయాలి. ఐదోది నేనే కలిపాను. ట్రైనింగులో లేదు, పుస్తకంలో లేదు. ఈ చేను ఎప్పటిది, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి అన్నాను. లెక్కలతో పాటు చరిత్ర కూడా వస్తుంది కదా అని నా తెలివి.

తండాలో పెద్దవాళ్లు యేళ్లు అంకెల్లో చెప్పరు. ఫలానా వాళ్ల పెండ్లప్పటిది, చెరువు తెగిన యేటిది, ఎడ్లు చచ్చిపోయిన యేటిది అని పిల్లలు రాసుకొచ్చారు. నా ప్రాణమైన పిల్ల ఏం రాసిందంటే, "మా చెల్లె పుట్టిన యేడు మా నాయిన చెట్లు కొట్టి చేను చేసిండు."

ఆ చెల్లె ఆ జూన్‌లోనే ఒకటో తరగతిలో చేరింది. బడి రిజిస్టర్లలో పిల్లలందరూ జూన్‌లోనే పుడతారు. తండ్రికి తేదీ గుర్తుండదు, హెడ్మాస్టరు వయసుకు సరిపోయే తేదీ ఒకటి వేసేస్తాడు, అది ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ చిన్నదాన్ని చేర్చుకున్న రోజు పెద్దసారు సెలవులో ఉన్నాడు. చేర్చుకున్నది నేను. నాకేమో అబద్ధపు తేదీ రాయాలంటే భయం. వాళ్ల నాయనమ్మను ఇంటికి తిప్పి పంపి, అంగన్‌వాడీలో సూదులేసిన కార్డు తెప్పించి, అందులో ఉన్న నిజం తేదీ వేశాను. ఇక చూడండి, మిగతా చేన్లన్నీ పెండ్లిళ్ల దగ్గరా ఎడ్ల దగ్గరా ఆగిపోతే, ఈ ఒక్క చేను వయసు మాత్రం లెక్క కట్టొచ్చు. రిజిస్టరు తీసి తేదీ చదివాను. పిల్ల బోర్డు మీద తీసివేత చేసి, ఎర్ర స్కెచ్ పెన్నుతో చార్టు మీద చేను పక్కనే చెల్లె పుట్టిన తేదీ రాసి, కింద చేను వయసు ఇన్నేళ్లు, ఇన్ని నెలలు అని వేసింది. పిల్లలందరితో చప్పట్లు కొట్టించాను. నేను కూడా కొట్టాను.

పెద్దసారు చూసి చాలా బాగుందన్నాడు. మండలాఫీసుకు వెళ్లినప్పుడు చెప్పొచ్చాడు కూడా. అక్కడి ఆఫీసరు వచ్చి ఫొటో తీసుకుంటానన్నాడని, వరంగల్‌లో ప్రదర్శనకు పంపిస్తానన్నాడని చెప్పాడు. చార్టును గదిలో బోర్డు పక్కన, తలుపు తీయగానే కనిపించేట్టు అతికించాం. వారం తిరక్కుండానే తెలంగాణ సమ్మె మొదలైంది.

బడులు, ఆఫీసులు, బస్సులు, భూపాలపల్లి వైపు బొగ్గు బాయిలు, అన్నీ బంద్. గూడూరులో రోడ్డు పక్కన టెంటు వేశారు. రోజుకో బ్యాచ్ చొప్పున కూర్చునేవాళ్లం. బతుకమ్మ దినాలు కావడంతో మధ్యాహ్నం టెంటు ముందే ఆడేవాళ్లం, రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండేవాళ్లం. నేను నినాదాలిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉండేది. ఆ రోజుల్లో నా భయం కొంచెం తగ్గిందని చెప్పాలి. అందరితో పాటు కూర్చుంటే నాలాంటి దానికి కూడా ధైర్యం వస్తుంది.

ఒకరోజు మా తండా నుంచి కొందరు మద్దతుగా టెంటుకు వచ్చారు. వాళ్లలో ఆ పిల్ల తండ్రి ఉన్నాడు. ఎప్పుడు కనబడ్డా దండం మేడం అనే మనిషి, ఆ రోజు నన్ను చూసి తల తిప్పుకుని వెళ్లి చివర కూర్చున్నాడు. ఎండకు సరిగా చూడలేదేమో అనుకున్నాను. మజ్జిగ గ్లాసు పట్టుకుని దగ్గరికి వెళితే, వద్దని చెయ్యూపాడు తప్ప మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత చేస్తున్నాను, పిల్ల మీద ఇంత ప్రాణం పెట్టాను, ఏం పోయేకాలం అనుకుంటూ వచ్చి నా చోట్లో కూర్చున్నాను.

నా పక్కన కూర్చునే ఆమె రెవెన్యూలో క్లర్కు. పూలు గుచ్చుతూ ఏదో మాట్లాడుతూ, సమ్మె అయిపోగానే తమకు ఊపిరాడదని, పోడు పట్టాల దరఖాస్తులన్నీ మళ్లీ చూడాలని, తండాల్లో తిరిగి చేను చేనూ కొలవాలని చెప్పుకొచ్చింది. ఎవరికి ఇస్తారు అని ఊరికే అడిగాను. చట్టంలో ఒక తేదీ ఉందట. ఆ తేదీకి ముందు నుంచి దున్నుకుంటున్న వాళ్లకే పట్టా. తర్వాత కొట్టుకున్నదైతే రాదు, పైగా చేను ఖాళీ చేయించి మొక్కలు నాటుతారు. కొంచెం అటూ ఇటూ అయితే అన్నాను. ఒక్కరోజు దాటినా దాటినట్టే అంది. ఏ తేదీ అన్నాను. చెప్పింది.

చెల్లె పుట్టిన తేదీ నాకు తెలుసు, నా చేత్తో రాశాను. చట్టం తేదీకి ఎనిమిది నెలల తర్వాత పుట్టింది. చేను ఆ యేటిది. వాళ్లు దరఖాస్తులో ఎంత వెనకటి యేడు రాసుకున్నా, నా బడి గోడ మీద ఎర్ర సిరాతో, రిజిస్టరు సాక్ష్యంతో, వాళ్ల సొంత పిల్ల చేతిరాతతో నిజం అతికించి ఉంది. ఇంకో సంగతి ఉంది. ఏ ఆఫీసరొచ్చినా తండాలో కుర్చీ, నీడ ఉన్నది బడిలోనే. సర్వే వాళ్లు వచ్చి కూర్చునేది సరిగ్గా ఆ గోడ ముందే. ఆ మనిషి నాతో ఎందుకు మాట్లాడలేదో అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఆరుగురికి ఆ చేనొక్కటే ఆధారం.

టెంటులోంచి లేచి పెద్దసారుకు ఫోన్ చేశాను. బడి తాళంచెవి ఆయన దగ్గర పెద్దవంగరలో ఉంది, బస్సుల్లేవు. విషయమంతా చెప్పాను. అందుకేనమ్మా నేను అందరికీ జూన్ వేసేది అన్నాడు. నా కోపం నషాళానికి అంటింది. ఆయన మీద కాదు, ఆయన చెప్పింది నిజమైనందుకు. ఏం చేయమంటారు అంటే, సమ్మెలో ఉండి బడి తాళం తీస్తే నలుగురూ నాలుగు మాటలంటారు, సమ్మె అయ్యాక చూద్దాం, గాబరా పడకండి అన్నాడు. నన్ను గాబరా పడొద్దనడం ఎట్లాంటిదో ఆయనకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. సమ్మె ఈ రోజే విరమించారేమో, సర్వే వాళ్లు నాకంటే ముందు జీపులో వెళ్లారేమో, ఆ ఆఫీసరు ఫొటో తీసుకుని ఎవరికో చూపించే ఉంటాడేమో. వెనక ఏ బండి చప్పుడైనా పక్కకు తిరిగి అది జీపా కాదా అని చూశాను. సగం దారిలో చెప్పు తెగింది. చేత్తో పట్టుకుని నడిచాను.

బడి కిటికీకి రెక్కల్లేవు, ఊచలే. లోపలికి చూస్తే చార్టు అట్లాగే ఉంది, దూది మీద కొంచెం దుమ్ము పట్టింది. ఎర్ర తేదీ కిటికీ నుంచే చదవొచ్చు. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. పత్తి చేను గెట్టు మీద పడున్న కట్టె ఒకటి తెచ్చి ఊచల్లోంచి దూర్చి చార్టును పొడవడం మొదలుపెట్టాను. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపే తక్కువ. ఒకవైపు చిరిగి వేలాడింది. మక్క గింజలు రాలాయి. ఎవరెవరివో పెండ్లి యేళ్లూ ఎడ్ల యేళ్లూ ఊడొచ్చాయి. ఆ ఒక్క మూల మాత్రం కదలదే. ఆ మూల ఆ పిల్ల అతికించింది. అది ఏ పనైనా గట్టిగా చేస్తుంది, లై రెండు పొరలు పూసి ఉంటుంది.

"ఏంది టీచరమ్మా, గట్ల పొడుస్తున్నవ్?"

వెనక్కి తిరిగితే ఆ పిల్ల నాయనమ్మ. నడుముకు కొడవలి, నెత్తిన గడ్డిమోపు. కట్టె చేతిలోనే ఉండిపోయింది. చార్టు తీసేద్దామని అన్నాను, నాకే వినబడనంత చిన్నగా.

ఆమె గడ్డిమోపు దించి వరండా మీద కూర్చుంది. ఆమె తిట్టినా బాగుండేది. చార్టు పెట్టిన రోజే పిల్ల ఇంటికొచ్చి చప్పట్ల సంగతంతా చెప్పిందట. ఆ రోజు కొడుకు పిల్లను కొట్టాడట, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి. తర్వాత తనే చెట్టు కిందికి పోయి ఏడ్చాడట. తండా మొత్తం ఒకటే అనుకున్నారట, టీచరమ్మ సర్కారు మనిషి, కావాలనే పిల్లల నోటి నుంచి లాగింది, అంగన్‌వాడీ కార్డు కోసం అంత పట్టుబట్టింది కూడా అందుకే అని. నన్ను అడుగుదామని రెండుసార్లు బయలుదేరి, అడిగితే ఇంకేం మీదికొస్తుందోనని వెనక్కి పోయారట. అన్ని రోజులూ నేను టెంటులో బతుకమ్మ ఆడుతున్నాను.

"గా మాట మమ్ములను అడుగొచ్చు కద బిడ్డా," అంది. "పిల్లనెందుకు అడిగినవ్?"

నేను కావాలని చేయలేదని, పాఠం కోసమని, నాకు తెలియదని ఒకటే చెప్పుకుపోయాను. చెబుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఆమె నమ్మిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. లేచి వెళ్లి గొడ్డలి తెచ్చింది. దాని మడమతో తాళం మీద రెండు దెబ్బలు తనే వేసింది, మూడోది నన్ను వేయమంది. వేశాను. సమ్మెలో ఉన్న టీచరు సొంత బడి తాళం పగలగొట్టింది. లోపలికెళ్లి గోళ్లతో ఆ మూలను గీకి తీశాను. సున్నం కూడా ఊడింది. ముక్కలన్నీ ఏరి వంట షెడ్డులోకి తీసుకెళితే ఆమె పొయ్యిలో వేసి అంటించింది. దూది ముందు భగ్గుమంది, అట్ట నిదానంగా కాలింది.

తలెత్తితే షెడ్డు వాకిట్లో ఆ పిల్ల నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. పొయ్యి వైపు చూసింది, నా వైపు చూసింది.

అప్పుడు నాయనమ్మ అసలు మాట చెప్పింది. కాగితం కాలిందిలే, రిజిస్టరు ఎవరైనా అడిగితే తప్ప తీయరు, భయమంతా పిల్లతోనే అంది. సర్వే వాళ్లు పిల్లలనే అడుగుతారు, పిల్లలు అబద్ధం చెప్పరని వాళ్లకు తెలుసు.

"మేం చెప్తె ఇంటలేదు టీచరమ్మా. మేడం నిజం చెప్పమన్నది అంటది. నువ్వే చెప్పు."

తాళం పగలగొట్టడం దీనికంటే తేలిక. పిల్లను వరండాలో కూర్చోబెట్టుకున్నాను. చెంప మీద దెబ్బ ఉందేమోనని వెతికాను, ఎప్పుడో మానిపోయింది. ఎవరైనా ఆఫీసర్లు వచ్చి చేను ఎప్పటిదని అడిగితే తెలియదని చెప్పమన్నాను.

"మనం లెక్క చేసినం కద మేడం," అంది.

ఆ లెక్క తప్పు అన్నాను. ఇంకేం అనాలో తెలియక అన్నాను. పిల్లకు మూడెకరాలు పోతాయని, ఇల్లు గడవదని చెప్పి ఉండొచ్చు. దానికి అర్థమయ్యేది, పదేళ్ల పిల్ల, అర్థం కాకపోవడం ఏముంది. కానీ నాకు తొందర, భయం, నాయనమ్మ చూస్తోంది. నోటికి ఏది వస్తే అది అనేశాను.

పిల్ల వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది.

"యాడ తప్పింది మేడం?"

నేను లేచాను. పొద్దెక్కుతోంది, నడవాలి అన్నాను. పాత చీర పీలికతో బడి తలుపు కట్టేసి వచ్చేశాను.

సమ్మె ముగిసి బడులు తెరిచిన పదిహేను రోజులకు సర్వే వాళ్లు వచ్చారు. చేతిలో చిన్న మిషను పట్టుకుని ఒకాయన గెట్ల వెంట తిరుగుతుంటే, ఇంకొకాయన మా గదిలోనే, చార్టు ఉండిన గోడ ముందు, నా కుర్చీలో కూర్చుని కాగితాలు చూస్తున్నాడు. గోడ మీద సున్నం ఊడిన చోట ఒక క్యాలెండరు తగిలించాను. ఆ క్యాలెండరు వైపు ఆయన చూసినప్పుడల్లా నేను తల దించుకున్నాను. ఆ పిల్ల తండ్రి వచ్చి, దరఖాస్తులో రాసిన యేడే చెప్పాడు. ఆఫీసరు నమ్మనట్టు తల ఊపి, టీచరుగారూ మీరు చెప్పండి అన్నాడు. నేను ఈ ఊరికి వచ్చేసరికే చేను ఉంది సార్ అన్నాను. అది నిజమే. నిజమే చెప్పి దొంగలాగా చెమటలు కక్కాను.

ఆయన నీళ్లు కావాలన్నాడు. గ్లాసు తెచ్చింది ఆ పిల్లే. ఎవరి బిడ్డవు అన్నాడు. చెప్పింది. మీ చేను ఎప్పటి నుంచి చేస్తున్నరమ్మా అన్నాడు, చాలా మంచిగా, నవ్వుతూ. తండ్రి గడపలో ఉన్నాడు, నాయనమ్మ బయట ఉంది, నేను బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని ఉన్నాను. పిల్ల మాలో ఎవరి వైపూ చూడలేదు.

"నాకు తెల్వది సార్. నేను చిన్నగున్న."

ఆయన ఏదో రాసుకుని సంతకం చేయించుకున్నాడు. వాళ్లు వెళ్లిపోయాక తండ్రి నాకు దండం పెట్టాడు. ఎండాకాలం దగ్గర పడుతుండగా పట్టా వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చి నాయనమ్మ నాకు చూపించింది, చదివి చెప్పమంది. మూడెకరాలని రాసి ఉంది. నాలుగు గుంటలు ఎక్కువే ఇచ్చారు. నేను సంతోషించాను. ఆ రోజు కడుపు నిండా అన్నం తిన్నాను, ఆ మాట కూడా చెప్పాలి.

యేడాది చివర పిల్లల ఎత్తూ బరువూ రాసి పంపాలి. ఆ పని ఎప్పుడూ ఆ పిల్లకే ఇచ్చేదాన్ని. ఈసారీ టేపు, పుస్తకం ఇచ్చాను. ఒకటో తరగతి వాళ్లు వరసగా నిలబడ్డారు. చెల్లె వంతు వచ్చింది. ఆ చిన్నది మడమలు గోడకు ఆనించి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. అక్క తల మీద స్కేలు పెట్టి టేపు కింది నుంచి పైకి లాగి చూసింది. అంకె చూసింది. రెండోసారి కొలిచింది. అదే వచ్చిందని ముఖం చూస్తే తెలిసింది. పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, నా దగ్గరికొచ్చి నిలబడింది. వెటకారం కాదు. ఆ పిల్లకు వెటకారం రాదు.

"ఎంత రాయమంటరు మేడం?" అంది.